వారంటీ దాటాక బండి ఎక్కడికి?

కారుకి వారంటీ ఉన్నన్నాళ్లూ కంపెనీ సర్వీస్ సెంటరే మేలు. తయారీ లోపం బయటపడితే ఖర్చు వాళ్లదే. గడువు దాటాక లెక్క మారుతుంది. ఎస్టిమేట్‌లో ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ల కింద ఇంటీరియర్ పాలిష్, ఏసీ క్లీనింగ్ లాంటివి మెల్లగా వచ్చి కూర్చుంటాయి. మాన్యువల్ తెరిచి చూడండి, పాలిష్ ఊసే ఉండదు. బయటి షెడ్డులో అసలు స్పేర్లు దొరకవంటారా? ఆ కొరత ఊరికే రాలేదు. విడిభాగాలు, స్కానర్లు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనకూడదనీ చెప్పింది. కంపెనీలు కోర్టుకెక్కాయనుకోండి, అది వేరే కథ. నకిలీల బెడద మాత్రం నిజమే. అందుకే ఆయిల్ డబ్బా సీలు మన ఎదుటే తీయించాలి, విప్పిన పాత ఫిల్టర్ అడిగి చూడాలి, బిల్లు రాయించుకోవాలి. ఎయిర్‌బ్యాగులు, హైబ్రిడ్ బ్యాటరీ పనులు మాత్రం షెడ్డుకి వదలకపోవడమే నయం.