ఇంటి విమానమునకు కారు ఇంజను

1902వ సంవత్సరాంతమున రైటు సోదరులు తాము కట్టదలచిన విమానమునకు తగిన ఇంజను కొరకు అమెరికాలోని మోటారుకార్ల నిర్మాతలకు లేఖలు వ్రాసిరి. కోరినంత శక్తియు, కోరినంత తేలికదనమును గల యంత్రమును వారిలో నొక్కరును ఈయజాలకపోగా, సోదరుల సైకిళ్ల కర్మశాలలో పనిచేయుచుండిన చార్లీ టేలరు 12 అశ్వశక్తుల ఇంజను నొకదానిని తన చేతులతోనే నిర్మించి యిచ్చెను. కారు ఇంజనుతో ఎగురవచ్చునా అను ప్రశ్న విమానము పుట్టుకకంటె ముందుదే యనవలెను.

ఆ ప్రశ్నకు ఔనని ధైర్యముగా బదులు చెప్పినవారిలో అగ్రగణ్యుడు మిన్నెసోటా రాష్ట్రమందలి చెర్రీ గ్రోవ్ అను చిన్న యూరిలో నివసించిన బెర్నార్డ్ పీటెన్‌పోల్. ఆయన ఫోర్డు మోడల్-ఏ కారు ఇంజనును, కొయ్యతోను గుడ్డతోను కట్టిన తన ‘ఎయిర్ క్యాంపర్’ విమానమునకు అమర్చి 1929లో ఎగిరించెను. 40 అశ్వశక్తుల ఆ ఇంజను పూర్ణశక్తితోనైనను నిమిషమునకు 2200 చుట్లకు మించి తిరుగనిది కావున, ప్రొపెల్లరును తిన్నగా క్రాంక్‌షాఫ్టునకే బిగింప వీలయ్యెను. తరువాతి తరములవారు ఫోక్స్‌వ్యాగన్, షెవ్రొలే కార్వెయిర్, సుబారు, మాజ్దా కార్ల ఇంజనులను తమ యిండ్ల వెనుక షెడ్లలో విప్పి, మార్చి, విమానములకు ఎక్కించుచు వచ్చిరి. కారణము విశదమే: సరిక్రొత్త విమాన ఇంజను నొకదానిని కొను ధనముతో మంచి కారునే కొనవచ్చును, పాత కారులోని ఇంజనో, అందులో అత్యల్పభాగమునకే లభించును. సామాన్యుని గగనయాత్రాభిలాషను నేను మనసార గౌరవింతును. అందుచేతనే ఇందలి ప్రమాదము యథార్థముగా నెచ్చట దాగియున్నదో చెప్పవలసిన యవసరము మరింత యెక్కువగా తోచుచున్నది.

కారు ఇంజను స్వభావముచేతనే బలహీనమైనదని కొందరు తలంతురు. అది సరికాదు. నిర్మాతలు దాని నమూనాలను పరీక్షాపీఠముపై నిలిపి వందలాది గంటలు పూర్ణభారముతో నడిపి చూచిన పిమ్మటనే విపణికి పంపుదురు. ఆకాశమున మోసగించునది చాలవరకు ఆ యినుపదిమ్మ గాక, దానిచుట్టును మనము చేర్చిన గేర్లు, గొట్టములు, తీగెలు, బిగింపులు. అనగా కర్మాగారపు పరీక్ష నెన్నడు నెరుగని భాగములు.

గేర్ల మాట ముందుగా చూతము. 180 అశ్వశక్తుల లైకమింగ్ ఓ-360 విమాన ఇంజను సుమారు 5.9 లీటర్ల పరిమాణము గలదై, తన శక్తినంతను నిమిషమునకు 2700 చుట్లకే యిచ్చును. అందులో సగమైనను పరిమాణము లేని ఆధునిక కారు ఇంజను అంత శక్తి నీయవలెనన్న సామాన్యముగా 5000 చుట్లు దాటవలసియుండును. 72 అంగుళముల వ్యాసము గల ప్రొపెల్లరు 2700 చుట్లు తిరుగునపుడు దాని కొసలు సెకనుకు సుమారు 258 మీటర్ల వేగముతో పోవును. 5000 చుట్లయినచో ఆ వేగము 479 మీటర్లై, 340 మీటర్ల ధ్వనివేగమును దాటిపోయి, శక్తిలో చాలభాగము వ్యర్థమై, రొద మిక్కుటమగును. అందుచేత నడుమ వేగమును తగ్గించు గేర్‌బాక్సు తప్పనిసరి. చిక్కంతయు నచ్చటనే పుట్టుచున్నది. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక్కొక్క చుట్టునకు రెండేసి తాకిడులుగా శక్తిని వెలువరించును. ఆవలి కొసను బరువైన ప్రొపెల్లరు తన వేగము మార్చుకొన నొల్లక మొరాయించును. ఈ రెంటి నడుమ చిక్కిన ఇరుసు స్ప్రింగువలె మెలిపడుచు విడివడుచు నుండును. ఊయెల ఊపునకు సరిగా సమయము చూచి మరల మరల త్రోసినచో చిన్నబిడ్డ చేయి సైతము దానిని ఎంత యెత్తునకు పంపునో, అట్లే ఇంజను తాకిడుల లయ ఇరుసు సహజలయతో కలిసి అనునాదము సంభవించిన క్షణమున గేరు పండ్లు ఊడును, ఇరుసు తెగును. కారులోనైతే క్లచ్చి స్ప్రింగులును రబ్బరు చక్రములును ఈ తాకిడిని మ్రింగును. విమానమున మ్రింగువారు లేరు. ఈ లయను కంటితో చూడ వీలులేదు, చెవితో వినుటయు దుర్లభము. లెక్కగట్టియో, పరికరములతో కొలిచియో తెలిసికొనవలసినదే.

గేర్లు లేకున్నంత మాత్రమున గండము గడచినట్లు కాదు. కార్వెయిర్ ఇంజనునకు ప్రొపెల్లరును తిన్నగా బిగించి ఎగిరినవారిలో కొందరి క్రాంక్‌షాఫ్టులు గాలిలోనే విరిగినవి. విమానము ముక్కు త్రిప్పినపుడెల్ల తిరుగుచున్న ప్రొపెల్లరు ఇరుసును వంచజూచును. అట్టి వంపు కారులో ఎన్నడు నుండదు. ఆ మీదట ముందుకొసను ఐదవ బేరింగు నొకదానిని చేర్చుట వాడుకలోనికి వచ్చెను.

ఇక విద్యుత్తు. విమాన ఇంజనులో రెండు మాగ్నెటోలుండి, ఇంజను తిరుగుచున్నంతకాలము బ్యాటరీతో నిమిత్తము లేకయే నిప్పురవ్వను పుట్టించును. ఆధునిక కారు ఇంజనునకో, ఇంధనపు పంపు మొదలుకొని కంప్యూటరు వరకు సమస్తమును బ్యాటరీపై నాధారపడినదే. 2007 మార్చిలో జర్మనీలోని స్పెయర్ విమానాశ్రయమున జరిగినది ఇందుకు నిదర్శనము. మెర్సిడెస్ కారు డీజిలు ఇంజను నుండి రూపొందిన రెండింజనులు గల డైమండ్ డీఏ-42 విమానము, చచ్చిన బ్యాటరీతో, బయటి విద్యుత్తు సాయమున ఇంజనులు నడిపించుకొని నేల విడిచెను. చక్రములను లోనికి ముడువగనే వోల్టేజి క్షణకాలము పడిపోయి, రెండింజనులును ఒక్కసారిగా ఆగిపోయెను. అదృష్టవశమున ప్రాణనష్టము జరుగలేదు. అది గృహనిర్మితము కాదు. ప్రభుత్వ ధ్రువీకరణము పొందినది. నిపుణులు కట్టినదానికే అట్టి గతి పట్టినపుడు, షెడ్డులో ఒంటరిగా తీగెలు కలుపువాడు ఇంకెంత జాగరూకుడై యుండవలెను!

ఇక గొట్టములు. ఇంజనును చల్లబరచు నీటి గొట్టము పగిలినచో పైలటునకు చిక్కునవి కొలది నిమిషములే. వేడికి ఇంధనము గొట్టములోనే ఆవిరియై ప్రవాహమును నిలుపుట మరియొక యుపద్రవము.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2012లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, ఆ దేశపు సాధారణ విమానములలో స్వయంనిర్మితములు సుమారు పదోవంతే అయినను, 2011లో ప్రాణాంతక ప్రమాదములలో 21 శాతము వాటివే. ఇవి అన్ని విధముల ఇంజనులకు చెందిన అంకెలు. ఇంజను వైఫల్యము ముఖ్యకారణములలో నొకటిగా నిలిచెను. ధ్రువీకృతమైన ఇంజను, ప్రొపెల్లరుల జోడింపు గల విమానమునకు 25 గంటలును, తక్కినవానికి 40 గంటలును పరీక్షాయానము జరుగవలెనను ఆనవాయితీ అచ్చట స్థిరపడినది. మార్చిన కారు ఇంజనునకు ఆ 40 గంటలును చాలవని నా దృఢవిశ్వాసము.

ఆ అధ్యయనములోనే నన్ను మిక్కిలి కలవరపరచిన విషయ మొకటి కలదు: 2011లో ప్రమాదమునకు గురియైన స్వయంనిర్మిత విమానములలో సగమునకు పైగా, నడుపుచున్నవారు కట్టినవి కావు, ఇతరులనుండి కొన్నవి. కట్టినవానికి ఏ తీగె యెచ్చటికి పోవునో, ఏ గేరు ఏ వేగమున అదరునో జ్ఞాపకముండును. కొన్నవానికి ఆ జ్ఞాపకము రాదు. కావున కారు ఇంజను గల విమానమును అమ్మువాడు దానితోపాటు తీగెల పటమును, ఇంధన ప్రవాహపు కొలతలను, పరీక్షాయానపు దినచర్యను, వర్జింపవలసిన వేగముల పట్టికను కొనువాని చేతిలో నుంచవలెను. అవి లేని విమానమును, ఎంత చౌకగా దొరికినను, కొనరాదు.