కోతి ఎవరిది?

"నా వాలెట్‌లో ఎన్‌ఎఫ్‌టీ ఉంది" అంటుంటారు మనవాళ్లు. నిజానికి వాలెట్‌లో ఉండేది ఒక రహస్య తాళం మాత్రమే. ఫలానా టోకెన్ ఫలానా అడ్రస్‌ది అన్న పద్దు బ్లాక్‌చెయిన్‌లో ఉంటుంది. బొమ్మ సాధారణంగా ఇంకెక్కడో ఉంటుంది.

2022 మేలో హాలీవుడ్ నటుడు సేత్ గ్రీన్ ఫిషింగ్ వలలో పడి తన బోర్డ్ ఏప్ కోతిబొమ్మ పోగొట్టుకున్నాడు. ఇలాంటి సైట్లకి మన పాస్‌వర్డ్‌తో పనిలేదు. ఫ్రీ మింట్ అని ఊరించి, 'సెట్ అప్రూవల్ ఫర్ ఆల్' మీద సంతకం పెట్టించుకుంటే చాలు. ఆ కలెక్షన్‌లో మనకున్న టోకెన్లన్నీ వాళ్లు ఎప్పుడైనా లాగేసుకోవచ్చు, మనం ఆ అనుమతిని రద్దు చేసేదాకా. నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, ఇంత పెద్ద అనుమతిని చాలా వాలెట్లు అర్థంకాని హెక్స్ అక్షరాల్లో చూపించి, కింద 'కన్ఫర్మ్' బటన్ పెట్టేవి.

అసలు చిక్కు ఆ తర్వాతే. గ్రీన్ అప్పట్లో ఆ కోతినే హీరోగా పెట్టి ఒక షో తీస్తుండేవాడు. బోర్డ్ ఏప్ లైసెన్స్ ప్రకారం బొమ్మని వాడుకునే వ్యాపార హక్కులు టోకెన్ ఓనర్‌వి. మరి దొంగ దాన్ని ఇంకొకరికి అమ్మేశాక ఓనర్ ఎవరు? లాయర్లు ఎంతైనా వాదించుకోవచ్చు గానీ, బ్లాక్‌చెయిన్‌కి దొంగెవరో దొరెవరో తెలీదు. చివరికి తన కోతిని తానే 165 ఈథర్ పోసి కొనుక్కున్నాడు. అప్పటి రేటులో దాదాపు 3 లక్షల డాలర్లు!