నోరు లేని డిష్

జూలైలో అరకు లోయలో టీవీ చూసేవాళ్లకు ఇది అలవాటే. గాలికొండ మీద మబ్బు దిగుతుంది, వాన జోరందుకుంటుంది, తెర మీద యాంకర్ ముఖం గళ్లుగళ్లుగా విడిపోతుంది. కాసేపటికి ‘నో సిగ్నల్’. తిట్లన్నీ డిష్‌కే. నిజానికి దాని తప్పేమీ లేదు.

డీటీహెచ్ సిగ్నళ్లు కేయూ బ్యాండ్‌లో, సుమారు రెండున్నర సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో వస్తాయి. తరంగం ఇంత పొట్టిది కాబట్టే చిన్న డిష్ సరిపోతోంది. అందుకే వానచినుకులు కూడా దాన్ని పీల్చుకుని, చెదరగొట్టేస్తున్నాయి. కొండవానలో కొంత డేటా దారిలోనే పోతుంది.

ఫోన్‌లో వెబ్‌పేజీ తెరిచేటప్పుడు ఏదైనా ముక్క రాకపోతే ఫోన్ మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది. డిష్‌కు ఆ వీల్లేదు. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహం చెప్పింది వినడమే దాని పని, తిరిగి పలికే నోరు లేదు. ఉన్నా, లక్షల ఇళ్లవాళ్లు ఎవరికి పోయిన ముక్క వాళ్లు అడుగుతుంటే ఎవరికని పంపడం? అందుకే పోబోయేదానికి బదులు ముందే పంపేస్తారు.

12, 7, 30, 5 పంపాలనుకుందాం. వాటి వెనకే మొత్తం 54 కూడా పంపుతాం. ఒక ఇంటికి 30 అందలేదు. అందిన 12, 7, 5 కూడితే 24. దాన్ని 54లోంచి తీసేస్తే పోయిన 30 దొరికినట్టే. ఇంకో ఇంట్లో 7 పోయిందా, వాళ్లకూ అదే 54 పనికొస్తుంది. ఎవరికేది పోయిందో పంపేవాడికి తెలియనక్కర్లేదు. లక్షలమందికి ప్రసారం చేసేవాళ్లకు ఇంతకంటే చవక బేరం లేదు.

రెండు పోతే ఈ లెక్క చెల్లదు. అక్కడ ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాల్మన్ 1960లో ప్రచురించిన కోడ్ అక్కరకొచ్చింది. ఉపగ్రహ టీవీకి వాడే డీవీబీ-ఎస్ ప్రమాణంలో 188 బైట్ల ప్యాకెట్‌కు మరో 16 చేర్చి 204గా పంపుతారు. ఎక్కడ చెడ్డాయో తెలియకపోయినా 8 బైట్లదాకా సరిదిద్దుకోవచ్చు. పక్కపక్క బైట్లు గుంపుగా పోకుండా వాటి వరస మార్చి పంపడం మరో జాగ్రత్త.

హద్దు దాటితే మాత్రం అంతా ఒక్కసారే కూలుతుంది. పాత దూరదర్శన్ యాంటెన్నాకు సిగ్నల్ తగ్గేకొద్దీ చుక్కలు పెరిగేవి, బొమ్మ మసగ్గానైనా కనబడేది. నన్నడిగితే ఆ పద్ధతే కాస్త మర్యాదైనది.

తీగ మీద వచ్చే టీవీ కథ వేరు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఫైబర్‌తో టీవీ, ఇంటర్నెట్, ఫోన్ ఇస్తోంది. ఇలాంటి తీగ మీద బాక్సు వెనక్కి మాట్లాడగలదు. అదే కొత్త తలనొప్పి కూడా. పైనెక్కడో ఒక ముక్క పోతే వేల బాక్సులు ఒకేసారి ‘మళ్లీ పంపు’ అంటే ఆ గోలకే లైను నిండిపోతుంది. శాలీ ఫ్లాయిడ్, వాన్ జేకబ్సన్, వారి సహచరులు 1995లో ఓ ఉపాయం వివరించారు. ముక్క అందనివాళ్లు ఎవరికి తోచినంతసేపు వాళ్లు ఆగాలి. ఈలోగా ఇంకెవరో అడిగినట్టు తెలిస్తే ఊరుకోవాలి, జవాబు అందరికీ వస్తుంది కాబట్టి.

అయినా ప్రత్యక్ష ప్రసారానికి గడువుంది. సెకనుకు 25 ఫ్రేములంటే ఒక్కోదానికి 40 మిల్లీసెకన్లే. ఆలస్యంగా వచ్చిన ముక్కను పారేయడమే. అందుకే ఇంటర్నెట్ ప్రసారాల్లో కాస్త డేటా నిల్వ చేసుకుని, ఆలస్యంగా చూపిస్తారు. మన తెర మీద బ్యాట్స్‌మన్ బ్యాటు ఎత్తకముందే పక్కింట్లో ‘సిక్స్’ అని కేక వినబడడానికి అదీ ఒక కారణం.

ఇక వానలో బొమ్మ పోతే డిష్ తిప్పడానికి తడిసిన రేకులెక్కకండి, పిడుగులు పడే వేళ అసలే వద్దు. వాన తగ్గితే సిగ్నల్ అదే వస్తుంది. తిప్పేసిన డిష్‌ను సరిచేయడానికి మాత్రం మెకానిక్ రావలసిందే.