మీకు తెలుసా? చేతి సిరలోనూ రక్తం గడ్డకడుతుంది

సిరల్లో రక్తం గడ్డకట్టడం కాళ్లకే పరిమితం కాదు. చేతి నుంచి గుండె వైపు రక్తాన్ని తీసుకెళ్లే పెద్ద సిర, కాలర్ బోన్‌కూ మొదటి పక్కటెముకకూ మధ్య ఉన్న ఇరుకు సందులోంచి వెళ్తుంది. చేతిని పదేపదే తలపైకి ఎత్తే ఈతగాళ్లు, బరువులెత్తేవారిలో అది అక్కడ నలిగి, గడ్డతో మూసుకుపోవచ్చు. 1875లో జేమ్స్ పేజెట్, 1884లో ష్రోటర్ దీన్ని వివరించారు. అందుకే పేజెట్-ష్రోటర్ సిండ్రోమ్ అంటారు. సిరలో ఉంచిన క్యాథెటర్, పేస్‌మేకర్ తీగలు, క్యాన్సర్ కూడా చేతి సిరలో గడ్డకు కారణాలే.

• గుర్తులు: చేయి వాచి బరువెక్కుతుంది, నీలంగా మారుతుంది. ఉంగరం, గాజులు బిగుసుకుంటాయి. భుజం, ఛాతీ మీద సిరలు ఉబ్బి కనిపిస్తాయి. డాప్లర్ స్కాన్‌తో నిర్ధారిస్తారు.

• చికిత్స: రక్తాన్ని పలుచబరిచే మందులు సాధారణంగా కనీసం 3 నెలలు వాడాలి. కొందరికి గడ్డను కరిగించే మందును నేరుగా సిరలోకి ఎక్కిస్తారు. మొదటి 2 వారాల్లోనైతే ఫలితం మెరుగు. సిరపై ఒత్తిడి పోవడానికి అవసరమైతే మొదటి పక్కటెముకను తొలగిస్తారు.

• జాగ్రత్తలు: రక్తాన్ని పలుచబరిచే వార్ఫరిన్ మందు వాడేవారు పాలకూర, తోటకూర మానక్కర్లేదు. ఎప్పుడూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. రక్తం గడ్డకట్టే సమయాన్ని చూసే ఐఎన్ఆర్ పరీక్ష మాత్రం తప్పకూడదు. డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు వేసుకోకూడదు. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.