దయ్యం ఒకప్పుడు దైవమే

జొన్నాడ దగ్గర బస్సు గౌతమి వంతెన ఎక్కగానే పెద్దవాళ్ళు కిటికీలోంచి ఏట్లోకి రూపాయి బిళ్ళ విసిరి దణ్ణం పెట్టుకుంటారు. పొద్దువాలాక అదే ఏటిగట్టు మీద ఒంటరిగా నడుస్తామంటే వాళ్ళే 'గాలి సోకుతుంది, వద్దు' అని పిల్లల్ని ఆపుతారు. ఏరు ఒకటే. దణ్ణమూ దానికే, భయమూ దానికే.

ఈ రెండింటినీ ఒక్క మాటలో ఇముడ్చుకున్న పదం ప్రాచీన గ్రీకులో ఉంది: డైమోన్. ఇంగ్లీషు 'డెమన్' దాన్నుంచే పుట్టింది. ఆ డెమన్ అర్థాన్ని పాత గ్రీకు పుస్తకాలకు అంటగట్టి చదవడంతోనే తికమకంతా మొదలవుతోంది.

అపోహ: డైమోన్ అంటే దెయ్యం.

'ఇలియడ్' మొదటి భాగంలో అథీనా దేవి ఒలింపస్ కొండకు తిరిగి వెళ్తుంది. అక్కడున్న తక్కిన దేవతల్ని హోమర్ డైమోన్లనే అన్నాడు. ఏ దేవుడి పనో తెలియకుండా మనిషికి మేలో కీడో జరిగినప్పుడు కూడా గ్రీకులు 'ఇది డైమోన్ పని' అనుకునేవారు. క్రీ.పూ. 700 ప్రాంతపు కవి హెసియొడ్ చెప్పింది ఇంకా మనకు దగ్గరగా ఉంటుంది. స్వర్ణయుగపు మంచి మనుషులు చనిపోయాక డైమోన్లై, కంటికి కనబడకుండా తిరుగుతూ, బతికున్నవాళ్ళను కాస్తుంటారట. పెనుగంచిప్రోలు తిరుపతమ్మను పేరంటాలుగా కొలిచే మనకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

గ్రీకు ఇళ్ళల్లో 'అగాథోస్ డైమోన్' ఉండేవాడు. మంచి డైమోన్ అని అర్థం. భోజనం అయ్యాక నీళ్ళు కలపని ద్రాక్షసారా కొద్దిగా అతని పేరున ధారపోసేవారు. అతని రూపం పాము. నాగుల చవితినాడు కొబ్బరితోటలో పుట్ట దగ్గర పాలు పోసి, పిల్లల చెవులకు పుట్టమన్ను పెట్టే తల్లికి ఆ పాము ఎవరో చెప్పకుండానే తెలుస్తుంది.

అపోహ: డైమోన్, దేవుడు, దైవం ఒకే మూలం నుంచి వచ్చాయి.

శబ్దం దగ్గరగా ఉంది కాబట్టి ఇది చాలామంది నమ్ముతారు. చుట్టరికం ఉంది, కానీ వేరే వైపు నుంచి. 'దేవ' మాటకు మూలం ఆకాశం, వెలుగు. లాటిన్ 'దేవుస్', గ్రీకు 'జ్యూస్' దాని చుట్టాలు. డైమోన్‌కు మూలంగా ఎక్కువమంది పండితులు చెప్పేది 'దైయొమై' అనే క్రియ. పంచడం, వాటా వేయడం దాని అర్థం. సంస్కృతంలో దానికి చుట్టం 'దయతే': పంచిపెడుతుంది, కరుణిస్తుంది. మన 'దయ' అక్కడిదే. ఆస్తి వాటాకు 'దాయం', వాటాదారుకు 'దాయాది' అనే మాటలూ ఆ కోవలోవే. అంటే డైమోన్ ఎవరి వాటా వాళ్ళకు పంచేవాడు.

తెలుగులో ఇదే ఊహ ఎంత సహజంగా ఉందో చూడండి. పాలు అంటే వాటా, దాయాదులు పాలివాళ్ళు. కష్టంలో ఆదుకున్నవాడిని 'నా పాలిట దేవుడివి' అంటాం, ముంచినవాడిని 'నా పాలిట శని' అంటాం. పంచి ఇచ్చింది మంచీ కావచ్చు, చెడ్డా కావచ్చు. గ్రీకు డైమోన్ సరిగ్గా అంతే. అరిస్టాటిల్ మనిషి బతుకుకు పరమార్థంగా చెప్పిన 'యూడైమోనియా' అనే మాటకు విడివిడిగా చూస్తే మంచి డైమోన్ తోడుండటం అని అర్థం. దాన్ని 'సంతోషం' అని అనువదిస్తుంటారు. నన్నడిగితే 'భాగ్యం' అనాలి. అందులోనూ భాగమే ఉంది కదా.

అపోహ: సోక్రటీస్‌కు ఏదో పూనేది.

పూనకం కాదు. తప్పు చేయబోతుంటే లోపలినుంచి డైమోన్ సంకేతం ఒకటి తనను ఆపేదని ఆయన చెప్పినట్టు ప్లేటో రాశాడు. అది వద్దనేదే తప్ప, ఇది చెయ్యమని ఎప్పుడూ అనలేదు. క్రీ.పూ. 399లో ఏథెన్సు ఆయనపై మోపిన నేరాల్లో 'కొత్త డైమోనియా'ను (డైమోన్ నుంచి పుట్టిన మాటే) తెచ్చిపెడుతున్నాడన్నది ఒకటి. దయ్యాలను కొలిచాడని కాదు, ఊరు ఒప్పుకోని దైవాలను తెచ్చాడని ఆ ఆరోపణ.

అపోహ: డైమోన్‌ను దయ్యం చేసింది క్రైస్తవులే.

మొదటి అడుగు అంతకు ముందే పడింది. డైమోన్లు దేవుళ్ళకూ మనుషులకూ నడుమ మొక్కులూ ఆజ్ఞలూ మోసే మధ్యవర్తులన్న మాట ప్లేటో 'సింపోజియం'లో ఉంది. వాళ్ళలో చెడ్డవాళ్ళూ ఉంటారని ఆయన శిష్యుడు జెనోక్రటీస్ అన్నాడు. ఆ తర్వాత అలెగ్జాండ్రియాలో యూదులు తమ గ్రంథాలను గ్రీకులోకి మార్చుకుంటూ, పరజాతుల దేవుళ్ళకు డైమోనియా అన్న మాట వాడారు. క్రీస్తు పుట్టకముందే జరిగిన పని ఇది. కొత్త నిబంధన వచ్చేసరికి ఆ మాటకు అపవిత్రాత్మ అన్న అర్థం గట్టిపడింది.

తెలుగు బైబిలు చదివేవాళ్ళు ఒక సంగతి గమనించవచ్చు. సువార్తల్లో యేసు వెళ్ళగొట్టే డైమోనియాను మనవాళ్ళు 'దయ్యములు' అన్నారు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో, ఏథెన్సువాళ్ళు పౌలును ఎత్తిపొడిచినచోట అదే గ్రీకు మాటకు 'దేవతలు' అన్నారు. అక్కడ మాట్లాడేది గ్రీకులు, వాళ్ళ నోట దానికి పాత అర్థమే ఉంది. ఆ అనువాదకుల జాగ్రత్తకు నేను చేతులెత్తి మొక్కుతాను.

వాళ్ళు ఎంచుకున్న 'దయ్యం' చరిత్ర కూడా సరిగ్గా ఇలాంటిదే. అది దైవానికి వికృతి. పాత కావ్యాల్లో దయ్యమంటే దేవుడు, విధి. కాకపోతే పైనుంచి ఏ మతమూ వచ్చి దాన్ని దించలేదు. సంస్కృత రూపం గుడిలోకి వెళ్ళింది, తెలుగు నోట నలిగిన రూపం చింతచెట్టు కిందికి చేరిందని నా ఊహ. బడిపిల్లల ప్రకృతి వికృతుల పట్టికలో మాత్రం ఆ రెండూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి.