శిలాఫలకం చెప్పని కథలు

పాత చర్చి దగ్గరికి వెళ్లగానే మన కళ్లు గోపురం మీద పడతాయి. తర్వాత గోడలోని శిలాఫలకం మీద. ఏ దొర కట్టించాడో, ఏ సంవత్సరమో అందులో ఉంటుంది. రాళ్లు మోసినవాళ్లెవరో, సున్నం కలిపినవాళ్లెవరో మాత్రం ఉండదు.

మెదక్ చర్చినే చూడండి. పోస్నెట్ దొర పూనికతో 1914లో మొదలుపెట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో అక్కడ పనిచేసినవాళ్లకు తిండి దొరికింది. 175 అడుగుల ఆ గోపురం వెనక ఎన్ని ఇళ్ల పొయ్యిలు వెలిగాయో! పోస్నెట్ పేరు చరిత్రలో ఉంది. తట్టలు మోసినవాళ్ల పేర్లు వాళ్ల మనవల నోళ్లలోనే మిగిలాయి.

మెదక్‌కు ఫొటోలకేం కొదవ? దిగులల్లా చిన్న ఊళ్ల చర్చిల గురించే. లండన్ మిషన్ వాళ్లు విశాఖపట్నంలో దిగింది 1805లో. కెనడియన్ బాప్టిస్టులు కాకినాడలో పని మొదలుపెట్టింది 1874లో. ఆ తర్వాత మన ఉత్తరాంధ్రలో ఎన్నో చిన్న చిన్న చర్చిలు లేచాయి. మా మాకవరపాలెం లాంటి చోట్ల పెంకుల చర్చి తీసేసి స్లాబు వేసుకుంటామంటే కాదనేదెవరు? వానకు కారే కప్పు కింద పిల్లలతో కూర్చోమని చెప్పలేం కదా! కానీ కూలగొట్టే ముందు ఒక్క పూట ఆగొచ్చు.

ఆ పూటలో ఏం చెయ్యాలి? నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తియ్యండి. గుమ్మం, గంట, శిలాఫలకం, సమాధి రాళ్లు విడివిడిగా తియ్యండి. గుమ్మం పక్కన ఒక మనిషిని నిలబెడితే ఎత్తు తెలుస్తుంది. తేదీ, ఊరు రాసిపెట్టండి.

తర్వాత ఆ ఫొటోలు పట్టుకుని పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లండి. కథలు రాసుకునేదాన్ని కాబట్టి నాకు తెలిసిన కిటుకొకటి చెబుతాను. "మామ్మగారూ, చర్చి చరిత్ర చెప్పండి" అంటే, "నాకేం తెలుసమ్మా, పాస్టరుగారినడుగు" అనేస్తారు. "మీ పెళ్లినాడు ఈ గుమ్మంలోంచేనా వచ్చారు? ఆడవాళ్లు ఎటువైపు కూర్చునేవారు? క్రిస్మస్ వంట ఎవరు వండేవారు? మీకు చదువు చెప్పిందెవరు?" అని అడగండి. ఇక మాట ఆగదు. ముందు వాళ్ల అనుమతి తీసుకుని సెల్‌ఫోన్‌లో రికార్డు చెయ్యండి. ఇద్దరు రెండు సంవత్సరాలు చెబితే రెండూ రాయండి. చర్చిలో బాప్తిస్మం, పెళ్లి రిజిస్టర్లుంటే వాటితో సరిచూసుకోవచ్చు.

ఇవన్నీ ముసలమ్మ కబుర్లేనని తీసిపారెయ్యకండి. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. అడిగినవాళ్లుండబట్టే అది పుస్తకమైంది.

చర్చి అయినా, గుడి అయినా, మసీదు అయినా పద్ధతి ఇదే. కాపీ ఒకటి అక్కడి పెద్దలకివ్వండి, ఒకటి మాట చెప్పిన మామ్మ ఇంట్లో ఇవ్వండి. గోడ పోయినా మళ్లీ కట్టుకోవచ్చు. మామ్మ పోతే ఆమెతోపాటే ఆ పేర్లూ పోతాయి. అందుకే గోడ కన్నా ముందు ఆమె దగ్గరికే వెళ్లాలి.