ముప్ఫై పేజీలు తీసేశాక

పగలంతా ఫిలింనగర్‌లో కథాచర్చలు. రాత్రిళ్లు కృష్ణానగర్ గదిలో నా నవల. మొదటి ప్రతిలో ముప్ఫై పేజీలు తాతగారి పొలమే. అదంతా కథ నాకు అర్థం కావడానికి రాసుకున్నదని రెండోసారి చదివితేగానీ తెలియలేదు. ఇష్టంగా రాసిన పేజీలు, తీసేస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

కథాచర్చల సిట్టింగ్స్‌లో ‘ఈ సీన్‌లో ఎవరికి ఏం కావాలి?’ అని అడుగుతారు. అదే ప్రశ్న ప్రతి అధ్యాయాన్నీ అడిగాను. రెండు వాక్యాల్లో వచ్చిపోయే కాస్ట్యూమ్స్ టైలర్ నరసయ్య అక్కడే లేచి నిలబడ్డాడు. రెండో ప్రతిలో సగం కథ అతనిదే.

వారపత్రికకు ఏ వారానికావారం రాసే సీరియల్ రచయితకు ఇలా తిరగరాసుకునే వెసులుబాటు లేదు. అచ్చయిన వారం అచ్చయినట్టే. సినిమాకైతే నవలను మళ్లీ కొత్తగా అల్లుకోవాలి. యద్దనపూడి సులోచనారాణి నవల ‘మీనా’ను 1973లో విజయనిర్మల తెరకెక్కించారు. పుస్తకంలో మీనా మనసులో అనుకునేదాన్ని తెరమీద చూపుతోనో మాటతోనో చెప్పాలి.

నవలలో ఆ అవసరం లేదు. అందుకే రెండో ప్రతిలో నరసయ్య చేత చెప్పించిన పేజీన్నర డైలాగు కొట్టేశాను. ఇప్పుడతను హీరో చొక్కాకి గుండీ కుడుతూ, కొడుకు కొలతలు గుర్తుచేసుకుంటాడు.